మన కావ్యములలో లేడివేట

మహాకావ్యమునకు దండి చెప్పిన వర్ణనల పట్టికలో వేట లేదు. అయినను మన ప్రబంధకవులు దానిని విడువలేకపోయిరి. మనుచరిత్రమునందలి స్వరోచి వేటను, కాళహస్తిమాహాత్మ్యమునందలి తిన్నని వేటను చదువని సాహిత్యప్రియు డరుదు. ఉచ్చులు, వలలు, జాగిలములు, వేటకాండ్ర కేకలు ఆ పద్యములలో నేటికిని వినబడుచుండును. ఆ శబ్దసంపదను మేమును మెచ్చెదము. కాని వేటకాని యభిప్రాయ మేమి, అందు న్యాయ మెంత యని యడుగక పద్యపు బిగిని మాత్రమే కొనియాడుట విమర్శ యనిపించుకొనదు.

ఈ ప్రశ్నను వేసినవాడు కాళిదాసు. శాకుంతల ద్వితీయాంకమున సేనాపతి వేటను పొగడును. దేహము తేలికపడునట, మృగముల భయక్రోధములు తెలియునట, కదలు గుఱిని కొట్టుటలో విలుకాని నేర్పు బయటపడునట. విదూషకు డదే వేటను తిట్టును. నిద్ర లేదు, వేళకు తిండి లేదు, ఆకులు కుళ్లిన సెలయేటి నీరే గతి. ఇరువురును తమ సుఖదుఃఖములనే చెప్పుకొనిరి గాని లేడి మాట యెత్తినవారు లేరు. ఆ మాటను కవి మొదటి యంకముననే తాపసులచేత చెప్పించి, రాజుచేత బాణము నుపసంహరింపజేసెను. కవి తీర్పు అక్కడ నున్నది.

మన జనగామ జిల్లాలో పాలకుర్తియు బమ్మెరయు పొరుగూళ్లు. పాలకురికి సోమనాథుడు బసవపురాణమున వేటకాడైన కన్నప్పను భక్తాగ్రేసరునిగా నిలిపెను. కనుక వేటకానిని కులముచేతనో వృత్తిచేతనో నీచునిగా జూచుట మన సాహిత్యమునకు సమ్మతము కాదు. బమ్మెర పోతన చతుర్థస్కంధమున చూపిన పురంజనుడు వేఱొక తెగవాడు. ఆకలి లేకయే, వినోదమునకై, యిల్లాలిని విడిచి వేటకు బోయినవాడు. ఆ కథనే నారదుడు ప్రాచీనబర్హికి జెప్పి, తుదకొక లేడిని చూపును. ముందు తోడేళ్లు, వెనుక వేటకాని బాణము, నడుమ పూలతోటలో మైమఱచి మేయుచున్న లేడి. ఆ లేడి మఱెవరో కాదు, నీవే యని రాజునకు దెలుపును. వేటాడువానిని లేడి స్థానమున నిలిపిన యీ ఘట్టమును వదలి, భరతుడు లేడిపిల్లను పెంచిన కథనే పోతన దయకు నిదర్శనముగా జూపువారు కలరు. ఆ పంచమస్కంధము గంగన రచన యని వారు గుర్తింపవలెను.

కొన్ని పాశ్చాత్యదేశములలో లేడివేటకు ఋతువు, అనుమతిపత్రము, లెక్క యున్నవి. తోడేళ్లు నశించినచోట లేళ్లు మితిమీరి పెరిగి అడవినే మేసివేయునని అచ్చటి వేటకాండ్రు వాదింతురు. ఆ వాదము త్రోసివేయదగినది కాదు. కాని దాని నిచ్చటికి తెచ్చుట పొరబాటు. వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన నేడు మనకు లేడివేట ఋతువే లేదు. మహబూబాబాదు జిల్లా కొత్తగూడ, గూడూరు ప్రాంతముల యడవులలోను, భూపాలపల్లి జిల్లా మహాదేవపురపు టడవులలోను దుప్పియే చిఱుతకును పెద్దపులికిని ఆహారము. అది తఱిగిన కొలది క్రూరమృగము పల్లెలోని పశువులపై బడును.

2014లో తెలంగాణ ప్రభుత్వము జింకను రాష్ట్రమృగముగా ప్రకటించెను. 2017లో మహాదేవపురపు టడవిలో జింకలను కాల్చి చంపిన కేసు పత్రికల కెక్కెను. నేడు తుపాకికంటె క్రూరమైన సాధనము విద్యుత్తు తీగ. 2024 ఫిబ్రవరిలో కాటారము వైపు అడవిలో మృగములకై పన్నిన తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబులు మరణించెను. సేనాపతి పొగడిన నేర్పు ఈ వేటలో నేమున్నది? కదలు గుఱి లేదు, కాచుకొను ఓర్పు లేదు. మీటయొకటే యున్నది. తీగకు లేడి యని, మనిషి యని భేదము లేదు.

అడవి నమ్ముకొని బ్రదుకు నిరుపేదను ముందుగా నిందింపవలదు. అతని చేతికి రూకలిచ్చి విందునకు లేడిమాంసము తెప్పించుకొను చదువరి గృహములనే ముందుగా సంస్కరింపవలెను. పురంజనుని కథ యట్టి యిండ్ల పెద్దల కుద్దేశింపబడినదే. దానిని పురాణకాలక్షేపముగా విని, లేచి భోజనమునకు బోవువారికి మేము చెప్పున దొక్కటే: విస్తరిలోనికి జూచి కూర్చుండుడు.