ఈల పట్టిన సార్లు

మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటుతుంటే నాకో బడి మాస్టారు గుర్తొస్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం. చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పిన ఆయనే భారత ఫుట్‌బాల్ జట్టుకు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిపెట్టారు. ఆయన కొడుకు షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. ఆడటం మానేశాక ఈల పట్టి, ఫిఫా రిఫరీగా 1988 ఆసియా కప్పు మ్యాచ్‌ల దాకా వెళ్లారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు.

అంత దూరం వెళ్లని సార్లే ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ బడి మైదానాల్లో ఎండకు నల్లబడి, మెళ్లో తాడుకు ఈల వేలాడేసుకుని ఏళ్లకేళ్లు నిలబడేది వాళ్లే.

కబడ్డీనే చూడండి. కూతకెళ్లిన పిల్లాడికి 30 సెకన్లు. ఆ కాస్తలోనే కూత తెగిందా, కూతకెళ్లినవాడు తప్పక దాటాల్సిన బాక్ లైన్ దాటాడా, వేలికొస ఎవరి మోచేతికి తగిలింది, అన్నీ సార్ కనిపెట్టాలి. ఎవరినీ తాకకుండా కోర్టు పక్క పట్టీ అయిన లాబీలో కాలు పెడితే ఔటు. తాకాక అదే లాబీ ఆటస్థలం. గీత అక్కడే ఉంటుంది, దాని అర్థం మారిపోతుంది. ఆ మార్పు రెప్పపాటులో పట్టుకోవాలి.

రెండు బడుల పిల్లలూ గోల చేస్తుంటారు. సార్ గొంతు పెంచరు, చెయ్యి ఎత్తుతారంతే. చివరికి ఓడిన జట్టు పిల్లలు మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ వచ్చి, "వెళ్లొస్తాం సార్" అంటారు. ఆ మాట గెలిచినవాళ్ల చప్పట్ల కన్నా గొప్పది.