తెర మీది సరుకు, మైదానంలో రొట్టె

నాటకశాలను కాపాడుకుంటే నాటకం బతికినట్టేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. పల్లె జనాభా నిష్పత్తిలో అమెరికా రాష్ట్రాలన్నిటికంటె ముందున్న వెర్మాంట్ నాటకరంగ చరిత్ర ఈ అభిప్రాయాన్ని ఖండిస్తుంది.

పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాల్లో అక్కడి చిన్న ఊళ్ళలో సైతం ‘ఆపెరా హౌస్’లు వెలిశాయి. వాటిలో ఆపెరా ఆడింది తక్కువ. నాటకశాల అంటే మొహం చిట్లించే మతనిష్ఠాపరుల ముందు ఆ పేరు గౌరవంగా వినిపించేది. సంచార నాటక బృందాలూ, ఊరివాళ్ళ ప్రదర్శనలూ, సభలూ ఆ కప్పు కిందే జరిగేవి. ఆ కాలపు చిత్రించిన తెరలు రాష్ట్రంలో 180కి పైగా బయటపడ్డాయి. కొన్నిటిపై వెనిస్ కాలువలూ కోటలూ. మరికొన్నిటి నిండా ఊరి దుకాణదారుల ప్రకటనలు! తెర ఖర్చు వ్యాపారి పెట్టుకున్నాడు. నాటకం మొదలయ్యేదాకా ప్రేక్షకుడు అతని సరుకుల పేర్లు చదువుతూ కూర్చున్నాడు. ఆ తెరలను భద్రపరచడం మెచ్చదగ్గ పనే. కాని వాటిని వట్టి జానపద చిత్రాలుగా చూసి మురిసిపోతే, కళ వెనకనున్న డబ్బును చూడ నిరాకరించినట్టే. సినిమా రాగానే సంచార బృందాలు పోయాయి, గోడలు మిగిలాయి. బ్యారీ పట్టణపు ఆపెరా హౌస్ దశాబ్దాలు మూతబడి, 1982లో గాని తిరిగి తెరుచుకోలేదు.

అదే బ్యారీలో ఇటాలియన్ గ్రానైట్ కార్మికులు 1900లో తమ సొంత సోషలిస్టు హాలు కట్టుకున్నారు. 1912లో లారెన్స్ బట్టల మిల్లుల సమ్మె జరిగినప్పుడు, సమ్మెదారుల పిల్లలు 35 మందిని ఆ ఊరి కార్మికులు తమ ఇళ్ళలో పెట్టుకుని సాకారు. 1913లో హాలు పక్కనే సహకార రొట్టెల బట్టీ పెట్టారు. హాలుకు ప్రాణం పోసింది గోడలు కావు, ఈ సంబంధాలు.

ఈ సంబంధాన్నే నాటకంలో వెదికినవాడు పీటర్ షూమన్. 1963లో న్యూయార్క్‌లో ఆయన స్థాపించిన ‘బ్రెడ్ అండ్ పప్పెట్’ బృందం వియత్నాం యుద్ధ వ్యతిరేక ఊరేగింపుల్లో మనిషిని మించిన బొమ్మలను నడిపించింది. 1970లో వెర్మాంట్ చేరి, 1974లో గ్లోవర్ పల్లెలో స్థిరపడింది. కాగితపు గుజ్జు, అట్ట, పాత గుడ్డలే వాళ్ళ సామగ్రి. పాత గడ్డికొట్టమే మ్యూజియం. ప్రేక్షకులకు రై రొట్టె పంచుతారు. కళ కూడా రొట్టెలా నిత్యావసరమన్నది షూమన్ సిద్ధాంతం.

ఈ నాటకాలకు లోపాలు లేకపోలేదు. ‘అంకుల్ ఫాట్సో’ అనే లావుపాటి బొమ్మలో అధికారం ఇట్టే గుర్తుపడుతుంది. అది ఏ ఆర్థిక సంబంధాల మీద నిలబడిందో మాత్రం ఆ తలకాయ చెప్పలేదు. ప్రతీక బలమూ, బలహీనతా అదే.

అంతకంటె పెద్ద సమస్య 1998లో ఎదురైంది. ఏటేటా జరిపే ఉచిత ‘సర్కస్’కు వేల మీద వేలు రాసాగారు. పక్కనున్న విడిదిలో ఘర్షణ జరిగి ఒక మనిషి చనిపోయాడు. షూమన్ ఆ ఉత్సవాన్నే ఆపేసి, చిన్న ప్రదర్శనలకు మళ్ళాడు. దాన్ని ఓటమి అనలేం. జనం పెరగడమూ, ప్రజాకళ పెరగడమూ ఒకటి కావు. రొట్టె పంచుకున్న మనిషి వట్టి చూపరిగా మారిన రోజున, ఆ మైదానం కూడా ప్రకటనల తెర ముందరి కుర్చీయే అవుతుంది.