గొల్లభామ కంట్లో నల్లచుక్క

సెరంగూన్ అనగానే సింగపూర్ తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది సెరంగూన్ రోడ్డు మీది పెరుమాళ్ కోవెల, ఆ చుట్టుపక్కల పూలదండల దుకాణాలు. అదే పేరున్న స్టేషన్లో సర్కిల్ లైన్ రైలెక్కితే మూడో స్టేషన్ మేరీమౌంట్. అక్కణ్ణుంచి కాసేపు నడిస్తే విండ్సర్ నేచర్ పార్కు వస్తుంది. 75 హెక్టార్ల ఈ పార్కును 2017లో తెరిచారు. వీనస్ డ్రైవ్ వైపున్న ఈ అడవి అంచు పురుగుల ఫొటోలు తీసేవాళ్లకు ఎప్పట్నుంచో అచ్చొచ్చిన చోటు. ఒకప్పుడు చీకటి పడ్డాక తలకు టార్చి కట్టుకుని ఆకు ఆకూ వెతికేవాళ్లు.

అందరికీ కావలసింది గొల్లభామ. తల తిప్పి మనవైపు చూసే పురుగు మరొకటి అంత తేలిగ్గా దొరకదు.

ఆ చూపులోనే ఒక తమాషా ఉంది. మనిషి ఎటు జరిగితే అటు తిరుగుతున్నట్టు కంట్లో నల్లచుక్క కనిపిస్తుంది. అది కనుపాప కాదు. వేల చిన్న కళ్లు కలిస్తే ఆ కన్ను. వాటిలో కెమెరాకు సూటిగా ఉన్నవి తమ మీద పడిన వెలుతురును లోపలికి లాగేసుకుంటాయి కాబట్టి ఆ చోటు నల్లగా ఉంటుంది. రాత్రయితే కన్ను మొత్తం నల్లబడిపోతుంది. ఆకుపచ్చ కన్ను, అందులో చుక్క కావాలంటే పగలే వెళ్లాలి.

పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్తే, ఎఫ్/11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. కన్ను కుదిరితే మీసం మసకేస్తుంది. పైగా గాలి లేకపోయినా గొల్లభామ అటూ ఇటూ ఊగుతుంది. ఫ్లాష్ తప్పదు, దాని ముందు తెల్ల ఫోమ్ షీటూ తప్పదు. అది లేకపోతే నున్నటి కంటి మీద తెల్లమచ్చ పడి చుక్క అందమంతా పోతుంది.

ఈ కళ్ల పనితనం చిన్నదేం కాదు. 2016లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు గొల్లభామలకు తేనెమైనంతో బుల్లి త్రీడీ కళ్లద్దాలు అంటించి సినిమా చూపించారు. తెర ముందుకు వచ్చినట్టు కనిపించిన బొమ్మ మీదికి అవి పంజా విసిరాయి. రెండు కళ్లతో దూరాన్ని కొలవగలవని అలా మరోసారి రుజువైంది.

యూరప్‌లో, అమెరికాలో వీటిని పెట్టెల్లో పెంచుకుని ఇంట్లోనే ఫొటోలు తీసేవాళ్లు చాలామంది. ముఖ్యంగా మలయా అడవుల పూలగొల్లభామను, పూరేకుల్లాంటి కాళ్లున్నదాన్ని, ఇష్టపడి పెంచుతారు. 1899-1900లో నెల్సన్ అనండేల్ దాన్ని మలయాలో పూలగుత్తుల మధ్యే చూసి రాశాడు. తర్వాత కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి డైరెక్టర్ అయింది ఆయనే. పెంచేవాళ్లలో కొందరు పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తీస్తారు. అది ఫొటోగ్రఫీ కాదు, హింస. చలికి ముడుచుకున్న కాళ్లు బొమ్మలో తెలిసిపోతాయి కూడా.

సింగపూర్ అభయారణ్యాల్లో ఏ పురుగునూ పట్టుకెళ్లకూడదు, అది చట్టం. కాబట్టి కొమ్మ మీదున్నదాన్ని కొమ్మ మీదే తీయండి. తలకిందులుగా వేలాడుతూ కుబుసం విడుస్తున్న గొల్లభామ కనిపిస్తే మాత్రం ఆ కొమ్మను అసలు ముట్టుకోకండి. ఒళ్లు గట్టిపడకముందే కిందపడితే కాళ్లు వంకరపోతాయి, చాలాసార్లు ప్రాణమే పోతుంది.