మూసేటప్పుడు తెలుస్తుంది

జేబులో పెట్టుకునే చాకు గురించి ఎవరు మాట్లాడినా ముందు అది ఎంత వేగంగా తెరుచుకుంటుందో చెబుతారు. ఎలా మూసుకుంటుందో చెప్పేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఆ టక్‌మనే చప్పుడులో మజా లేదని నేననను. చాకుల పిచ్చి ఉన్నవాడెవడూ అనడు. కానీ కొత్త చాకు చేతికొస్తే నేను ముందు చూసేది, దాన్ని మూయడానికి ఎన్ని వేళ్లు కావాలి, అందులో ఎన్ని బ్లేడు దారిలోకి వస్తాయి అని. తయారుచేసినవాడు ఎంతసేపు ఆలోచించాడో అక్కడ తెలిసిపోతుంది.

మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. నా పిచ్చి తెలిసినవాడు కాబట్టి కిందటిసారి వచ్చినప్పుడు ఒక కెర్షా చాకు తెచ్చిచ్చాడు. ‘లీక్’ అనే మోడల్. ఒళ్లంతా ఉక్కు, సన్నగా ఉంటుంది. మూసి ఉన్నప్పుడు పిడి వెనకవైపు చిన్న ముక్కు ఒకటి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. చూపుడువేలితో దాన్ని నొక్కితే చాలు, బ్లేడు ఒక్క ఊపున బయటికొచ్చి బిగుసుకుంటుంది. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి, “ఇదేంట్రా, రౌడీల చాకులా ఉంది” అంది. “కాదత్తయ్యా, ఇది బటన్ చాకు కాదు. బటన్‌దైతే అక్కడ గొడవ. ఇందులో స్ప్రింగు సాయం మాత్రమే చేస్తుంది” అన్నాడు వాడు. మా ఆవిడకు ఆ తేడా అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

తేడా మాత్రం ఉంది. బటన్ చాకులో స్ప్రింగు బ్లేడును ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. పిడిలోని బటన్ దాన్ని ఆపి ఉంచుతుంది. బటన్ నొక్కితే పట్టు వదిలేస్తుంది, అంతే. సాయం చాకులో పిడి లోపల సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి కాస్త మెలితిరిగేలా అమర్చి ఉంటుంది. మూసి ఉన్నంతసేపూ ఆ కడ్డీ బ్లేడును లోపలికే అదిమిపెడుతుంది. మనం వేలితో తోసి బ్లేడును కొంచెం తిప్పాక ఒక మలుపు వస్తుంది. ఆ మలుపు దాటిందంటే అదే కడ్డీ ప్లేటు ఫిరాయించి బయటికి తోయడం మొదలుపెడుతుంది. హవాయికి చెందిన కెన్ ఆనియన్ అనే చాకుల రూపకర్త 1990ల చివర్లో కెర్షా కంపెనీతో కలిసి దీన్ని ‘స్పీడ్‌సేఫ్’ పేరుతో జనంలోకి తెచ్చాడు. దాదాపు అదే కాలంలో బ్లాకీ కాలిన్స్ అనే మరో అమెరికన్ కూడా ఇలాంటి ఆలోచనతోనే చాకు చేశాడు.

మావాడు చెప్పిన గొడవ 1958 నాటిది. అప్పట్లో అమెరికాలో బటన్ చాకంటే దారితప్పిన కుర్రాళ్ల ఆయుధమన్న భయం బాగా ముదిరింది. 1955లో వచ్చిన ‘రెబెల్ వితవుట్ ఎ కాజ్’ సినిమాలో చాకుల కొట్లాట ఉంది. 1957 నాటి ‘12 యాంగ్రీ మెన్’లో జ్యూరీ గదిలో వాదమంతా ఒక బటన్ చాకు దగ్గర మలుపు తిరుగుతుంది. 1958లో ఫెడరల్ చట్టం వచ్చి వాటిని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మడాన్ని ఆపేసింది. ఆ మరుసటి ఏడాదే బ్రిటన్ కూడా నిషేధించింది. మళ్లీ 2009లో అమెరికా కస్టమ్స్ వాళ్లు ఈ సాయం చాకుల్ని కూడా బటన్ చాకుల పద్దులో రాయబోతే, కాంగ్రెస్ అడ్డుపడి చట్టాన్ని సవరించింది. ఆ సవరణలో పెట్టిన పరీక్ష నాకు భలే నచ్చింది. బ్లేడు మూసుకునే ఉండటానికి మొగ్గేలా లోపల ఏదో ఒక ఏర్పాటు ఉండాలట. ఆ మొగ్గును మనిషి తన చేతి బలంతో, బ్లేడు మీదే ఒత్తిడి పెట్టి దాటాలట. ఎంత వేగంగా తెరుచుకుంటుందన్న ఊసే లేదు. వదిలేస్తే మూసుకుని ఉంటుందా అని మాత్రమే అడిగారు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరనుకోండి.

సరే, చట్టం ఒప్పుకుంది. పనికొస్తుందా?

ఒక చెయ్యి ఖాళీ లేనప్పుడు పనికొస్తుంది. మా డాబా మీద చిక్కుడు పందిరి ఉంది. నిచ్చెన మీద నిలబడి, ఎడమ చేత్తో తీగను పందిరికి ఆనించి పట్టుకుని, కుడిచేత్తో పురికొస కోయాలి. అక్కడ లీక్‌కు సాటి లేదు. జేబులోంచి తీయడం, తెరవడం, కోయడం మూడూ ఒకే చేత్తో అయిపోతాయి. వలలు లాగేవాళ్లకూ స్తంభాలెక్కి పనిచేసేవాళ్లకూ ఇది విలాసమని నేను ఎప్పుడూ అనను. కానీ మనలో ఎక్కువమందికి చాకుతో పడే పని ఏమిటి? కొరియర్ డబ్బా మీద టేపు కోయాలి, జామకాయ కోయాలి, పాల ప్యాకెట్ మూల కత్తిరించాలి. ఈ పనులన్నిటికీ రెండు చేతులూ ఖాళీగానే ఉంటాయి. ఆఫీసులో పార్సిల్ విప్పడానికి లీక్ తీస్తే ఆ చప్పుడుకు పక్క సీటాయన ఉలిక్కిపడతాడు. పని జరిగిపోతుంది గానీ తర్వాత కాసేపు సంజాయిషీ చెప్పుకోవాలి. పనికొచ్చే గుణంలో చుట్టుపక్కల వాళ్ల ప్రశాంతత కూడా ఒక భాగమని నా లెక్క.

ఇంకో సంగతి. లీక్ మొన దగ్గర, పిడి మీద చిన్న జారుడు గొళ్లెం ఉంటుంది. జేబులో ఆ వెనకముక్కు దేనికైనా తగిలి బ్లేడు తెరుచుకోకుండా దాన్ని వేసి ఉంచాలి. తెరవడానికి ఒక స్ప్రింగు, తెరుచుకోకుండా ఒక గొళ్లెం! గొళ్లెం వేస్తే ఆ వేగం కోసం ముందు గొళ్లెం తీయాలి. వేయకపోతే మనసులో ఒక మూల శంక. నేను వేసే ఉంచుతాను.

ఇక మూయడం. పిడి పలకలోనే ఒక పట్టీని చీల్చి లోపలికి వంచి ఉంటారు. బ్లేడు తెరుచుకోగానే అది దాని మడమ వెనక చేరి అడ్డుపడుతుంది. మూయాలంటే బొటనవేలితో ఆ పట్టీని పక్కకు నెట్టాలి. నెట్టిన బొటనవేలు సరిగ్గా బ్లేడు వచ్చే దారిలోనే ఉంటుంది. పైగా మామూలు మడత చాకైతే బ్లేడు తేలిగ్గా వాలుతుంది, ఇక్కడ కడ్డీ మొరాయిస్తుంది. దాన్ని ఎదిరించి తోయాలి, ఆ మలుపు దాటగానే అది చటుక్కున లోపలికి లాక్కుంటుంది, ఈలోగా వేలు తీసెయ్యాలి. అలవాటైతే ఇదంతా చేతికి తెలిసిపోతుందన్నది నిజమే. కానీ పిల్లలున్న ఇంట్లో నేను దీన్ని బల్ల మీద వదలను. 1998లో బెంచ్‌మేడ్ కంపెనీ తెచ్చిన ‘యాక్సిస్’ లాక్ ఈ విషయంలో మేలు. పిడికి అడ్డంగా ఉండే చిన్న కడ్డీని వెనక్కి లాగితే చాలు, వేళ్లన్నీ బ్లేడుకు దూరంగానే ఉంటాయి.

మడత చాకును గొళ్లెం లేకుండా, మెలికల కడ్డీ లేకుండా ఎంత బాగా చేయొచ్చో చూడాలంటే ఫ్రాన్స్ వెళ్లాలి. ఆల్ప్స్ కొండల్లోని సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చాకు ఇవాళ్టికీ దాదాపు అదే రూపంలో వస్తోంది. బీచ్ కర్రతో గుండ్రటి పిడి, అందులో ఒక చీలిక, ఆ చీలికలో బ్లేడు, మధ్యలో రివెట్. అంతే. 1955లో మార్సెల్ ఒపినెల్ దీనికి ఒక ఉక్కు కంకణం తొడిగాడు. బ్లేడు తెరిచాక ఆ కంకణాన్ని తిప్పితే బ్లేడు వెనక్కి వాలదు. తర్వాతి కాలంలో మూసి ఉన్నప్పుడు కూడా తిప్పి బిగించేలా మార్చారు. మూసేటప్పుడు బొటనవేలు కంకణం మీద ఉంటుంది, బ్లేడు దాని పక్కన ఉంటుంది. ఎదురుపడే సందర్భమే లేదు.

దీనికీ ఒక పెంకితనం ఉంది. కర్ర పిడి గనక వానాకాలంలో చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, బ్లేడును పట్టేస్తుంది. గోరుతో లాగితే గోరే విరుగుతుంది గానీ బ్లేడు కదలదు. సావోయ్ వాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం చూడ ముచ్చటేస్తుంది. పిడి మడమను బల్ల అంచుకు గట్టిగా ఒక్కటి కొడతారు, బ్లేడు కాస్త పైకి లేస్తుంది, అప్పుడు పట్టుకుని తెరుస్తారు. విశాఖలో ఉండే మా తోడల్లుడికి ఒకటిచ్చాను. శ్రావణం వచ్చిందంటే ఆయన డైనింగ్ టేబుల్ అంచు మీద ఆ దెబ్బ వినిపిస్తూనే ఉంటుంది.

మామిడికాయల కాలంలో ఒపినెల్ కార్బన్ బ్లేడు ఇంకో రంగు చూపిస్తుంది. పచ్చికాయ పులుపు తగిలిన నిమిషాల్లోనే ఉక్కు మీద నీలం, బూడిదరంగు మరకలు మొదలై, సీజన్ అయ్యేసరికి బ్లేడంతా నల్లబడుతుంది. కొత్తవాళ్లు పాడైపోయిందనుకుని పీచుతో తోముతారు. తోమకూడదు. ఆ నలుపు ఉన్నచోట ఎర్ర తుప్పు అంత తేలిగ్గా పట్టదు. సొన మాత్రం వెంటనే తడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాయాలి. లీక్‌తో నేను పండు కోయను. పండురసం ఇరుసులోకి దిగి ఎండితే ఆ టక్ కాస్తా బద్ధకంగా మారుతుంది. జేబులోని నూలు పీచు చేరినా అంతే. అప్పుడు స్క్రూలు విప్పాలి, ఆ కడ్డీ ఎగిరిపోకుండా చూసుకోవాలి, మళ్లీ బిగించాలి. కడ్డీ విరిగినా చాకు చావదు, మామూలు మడత చాకుగా బతుకుతుంది. ఇది దాని పక్షాన చెప్పాల్సిన మాట.

చప్పుడు సంగతి ఎత్తాను గనక రాంపురిని వదిలేయలేను. మన సినిమాల్లో వేటకొడవళ్లు ఎంతో హిందీ సినిమాల్లో రాంపురి చాకు అంత. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నవాబుల కాలం నుంచి ఆ పనితనానికి పేరు. దాన్ని తెరుస్తుంటే పళ్ల మీద ఒక్కో మెట్టూ ఎక్కుతూ కటకటమని వస్తుంది. స్పెయిన్‌లోని నవాహా చాకుల్లోనూ, ఆఫ్రికాలో కూలీల చేతుల్లో తిరిగే ఒకాపీ చాకులోనూ ఇదే పళ్లచక్రం, ఇదే చప్పుడు. ఒకాపీకి వెనక ఒక ఉంగరం ఉంటుంది, దాన్ని లాగితేనే పళ్లు వదులుతాయి, అప్పుడే మూయగలం. తెరిచేటప్పుడు ఎదుటివాడు వినాలి, మూసేటప్పుడు మనం చూసుకోవాలి అన్నట్టు ఉంటుంది దాని కట్టుబడి. 1990ల్లో నాలుగున్నర అంగుళాలు మించిన బ్లేడును అక్కడి రాష్ట్ర ప్రభుత్వం నిషేధించాక రాంపూర్‌లో ఆ పనివాళ్ల సంఖ్య బాగా పడిపోయింది. 2023లో అక్కడి ఒక కూడలిలో 20 అడుగుల రాంపురి చాకు బొమ్మ నిలబెట్టారు. చేసేవాళ్లకు పని దొరికితే ఇంకా సంతోషించేవాణ్ణి.

మన దగ్గర చట్టం అడుగుతారేమో. ఆయుధాల చట్టం కింద లెక్కలోకి వచ్చేవి 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన బ్లేడులు. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. ఢిల్లీలో బటన్ చాకుల మీద ప్రత్యేక నోటిఫికేషన్ ఉంది. ఏ చాకైనా విమానంలో హ్యాండ్ బ్యాగేజీలో కుదరదు. మెట్రో స్టేషన్ దగ్గర స్కానర్‌లో కనిపిస్తే స్ప్రింగు సాయం గురించిన మీ ఉపన్యాసం ఎవరూ వినరు.

ఇంతకీ పెన్నుతో పాటు నా చొక్కా జేబులో రోజూ ఉండేది జపాన్ హిగోనోకామి. దాన్ని హ్యోగో ప్రాంతంలోని మికి పట్టణంలో చేస్తారు. ఇత్తడి రేకును మడిచి చేసిన పిడిలో స్ప్రింగు లేదు, లాక్ లేదు. బ్లేడు మడమ నుంచి చిన్న తోక ఒకటి బయటికి ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కితే బ్లేడు లేస్తుంది. కోస్తున్నంతసేపూ అదే బొటనవేలు ఆ తోక మీదే ఉంటుంది, అదే లాక్. వినడానికి వింతగా ఉంటుంది గానీ మన సెలూన్లలో గడ్డం గీసిన పాత మడత కత్తి అచ్చం ఇదే. దానికీ తోకే, దానికీ లాక్ లేదు, చిటికెన వేలు తోక మీద ఆనించి ఎన్ని గొంతుల మీద నడిపించారో. జపాన్‌లో ఒకప్పుడు ప్రతి బడిపిల్లాడి దగ్గరా పెన్సిల్ చెక్కుకోవడానికి హిగోనోకామి ఉండేది. 1960లో సోషలిస్టు నాయకుడు అసానుమా ఇనెజిరోను ఒక 17 ఏళ్ల కుర్రాడు సభావేదిక మీదే కత్తితో పొడిచి చంపాక, పిల్లల చేతుల్లో బ్లేడు వద్దన్న ఉద్యమం లేచి బడుల్లోంచి ఇదీ వెళ్లిపోయింది. పెన్సిల్ చెక్కే మరలు మిగతా పని పూర్తిచేశాయి.

పెన్సిల్‌కైతే దీన్ని మించింది నాకు దొరకలేదు. ఎడమ బొటనవేలితో బ్లేడు వెన్నును ముందుకు నెడుతూ పోతే కర్ర పొడవాటి చెక్కుగా లేస్తుంది, ములుకు విరగదు. మూయడానికి తోక మీంచి వేలు తీసి, బ్లేడు వెన్ను మీద అరచెయ్యి ఆనిస్తే సరి. కొన్నాళ్లకు ఇరుసు వదులై బ్లేడు తనంత తానే ఊగడం మొదలుపెడుతుంది. రివెట్‌ను రాతి మీద ఆనించి సుత్తితో మెల్లగా ఒక్కటి కొడితే బిగుస్తుంది. ఎక్కువ బిగిస్తే నూనె చుక్క వేసి నాలుగుసార్లు ఆడించాలి.