వీరగాథయు హాస్యానుకృతియు

శృంగారానుకరణమే హాస్యమని భరతుడు చెప్పెను. ఏ రసముయొక్క ఆభాసమైనను హాస్యమునకు హేతువు కాగలదని అభినవగుప్తుడు ఆ భావమును విస్తరించెను. వీరరస విషయమున దీనికి ఆధునికోదాహరణ మొకటి అమెరికను హాస్యపత్రికలో కలదు.

1952లో హార్వీ కర్ట్‌జ్‌మన్ సంపాదకత్వమున వెలువడిన 'మ్యాడ్' పత్రిక చలనచిత్రముల పేరడీలకు ప్రసిద్ధి కెక్కెను. డేవిడ్ లీన్ దర్శకత్వమున 1962లో వెలువడిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' మూడున్నర గంటలకు పైబడిన వీరగాథ. 1964లో ఈ పత్రిక దానికి 'ఫ్లారెన్స్ ఆఫ్ అరేబియా' అను పేరడీని ప్రకటించెను. నాయకుని పేరునకు ముందు ఒక్క ఆంగ్లాక్షరమును చేర్చుటచే 'ఫ్లా', అనగా దోషము, అను పదము అందు స్ఫురించుచున్నది.

చిత్రకారుడైన మార్ట్ డ్రకర్ నటుల ముఖములను పోలిక చెడకుండ రచించెడివాడు. అట్టి గంభీరమూర్తుల నోట చౌకబారు పలుకులు వెలువడుటయే ఈ పేరడీల హాస్యమునకు మూలము. రూపమున యాథార్థ్యము లేనిచో వాక్కునందలి అనౌచిత్యము రాణింపదు.

పేరడీ మూలమును కించపరచునని కొందరి ఆక్షేపము. ఇచట అది పొసగదు. మూలచిత్రమే తన నాయకుని నిర్దోషినిగా చూపలేదు. శ్వేతవస్త్రములు ధరించి తన నీడను తానే చూచి మురియుటలో అతని అహంకారమును, తఫాస్ సంహారమున అతని క్రౌర్యమును అది వెల్లడించినది. కావున శీర్షికలోని దోషపదము వెలుపలినుండి మోపిన నింద కాదు. మూలమునుండి ఏరి తెచ్చినది. అయితే ఆ చిత్రమును చూడనివానికి ఈ శ్లేషలో సగమే అందును. పేరడీని బోధించువారు మూలమును ముందుగా బోధింపవలెననుటకు ఇదియే కారణము.