మబ్బు చెరిపిన బొమ్మ

పోయిన ఆదివారం మొయినాబాద్ దాటి, చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల నీడలోంచి పక్కదారి పట్టి, ఓ చెలకలో పెద్ద నిలువు గుండు ముందు కూర్చున్నాను. మనుషులు పాతింది కాదు, దానంతటదే నిలబడ్డది. రాయిని గీసేటప్పుడు నాకో పాడు అలవాటుంది: వెనక ఉరిమే మబ్బొకటి పెట్టేస్తాను. ఆ రోజూ పెట్టాను. గొర్లు కాసే తాత వంగి చూసి, "ఎండ మాడగొడ్తుంటే గా మబ్బు యాడికెల్లి తెచ్చినవ్ సారూ?" అన్నాడు.

ఎక్కడిదో నాకు తెలుసు. ఇంగ్లండులోని ప్రాచీన నిలువురాళ్ల గుంపు స్టోన్‌హెంజ్ మీదిది. చిత్రకారుడు టర్నర్ అక్కడ పిడుగులు కురిపించాడు. ఆయన బొమ్మలో గొర్రెలూ కాపరీ నేలకూలి ఉంటారు. మరో చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1820లో అక్కడ గీసుకున్న స్కెచ్‌ని 1835లో నీటిరంగుల్లోకి దించుతూ, ఆకాశంలో జంట ఇంద్రధనుస్సు పొడిపించాడు. రెండింటిలోనూ ముందు కంటపడేది రాళ్లు కాదు, ఆకాశం.

మన వైపు రాళ్లను గీసిన ఆంగ్లేయుడు మెడోస్ టేలర్‌దీ ఆ కాలమే. 1824లో పదిహేనేళ్ల వయసులో ఈ దేశం వచ్చి, నిజాం కొలువులో చేరి, తర్వాత సురపురం సంస్థానం వ్యవహారాలు చూశాడు. ఆ సీమలోని ఆదిమ సమాధులను కొలిచాడు, తవ్వించాడు, స్వయంగా గీశాడు. ఆయన చూపంతా నేల లోపలే. సమాధిని నిలువునా కోసినట్టు గీసి మట్టి, కుండలు, ఎముకలు ఎలా ఉన్నాయో చూపించాడు. అంత నిక్కచ్చి మనిషీ, వీటిని కట్టినవాళ్లకు ఐరోపాలోని ప్రాచీన కెల్టు జాతితో చుట్టరికం వెతికాడు. గీతలో లేని మబ్బు రాతలో కమ్ముకుంది.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణ ఒడ్డున, అలాంటి ఆదిమ కాలపువే పది నుంచి పధ్నాలుగు అడుగుల నిలువురాళ్లున్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. వాటిలో ఒకదాన్ని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. మొక్కే మనిషిని వదిలేసి ఆ రాయిని గీస్తే సగం బొమ్మే అవుతుంది.

రబ్బరు తీసి మబ్బును చెరిపాను. పూర్తిగా పోలేదు, మరక మిగిలింది. "తాతా, కొంచెం గుండు పక్కన నిలబడవా" అన్నాను. గొంగడి సర్దుకుని, కట్టె ఊతంగా నిలబడ్డాడు. గీశాక చూస్తే ఆయన తల గుండు నడుముకు కూడా అందలేదు.

కాగితం ఆయన చేతికిచ్చాను. తన బొమ్మను పట్టించుకోలేదు.

"ఇగో, గిప్పుడు పెద్దగైంది గుండు" అన్నాడు.