బండి కింద పడుకుని చూడండి

విడవలూరు చుట్టుపక్కల గేటు మడతబందులు, కిటికీ ఊచలు, మోటారు షెడ్డు తలుపులు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. సముద్రానికి దగ్గరగా రామతీర్థం, ఊటుకూరు వైపు కాపురాలున్నవాళ్ళకైతే అసలే చెప్పక్కర్లేదు. ఇంత తెలిసిన మనమే పాత వ్యాను కొనడానికి వెళ్తే ముందు తాళం అడుగుతాం. స్టార్ట్ చేసి, నాలుగుసార్లు రేజ్ చేసి, చెవి పెట్టి వింటాం. సౌండు బాగుందంటూ అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తాం.

పాత టెంపో ట్రావెలర్ కొని, వెనక సీట్లు తీయించి, మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించుకోవాలన్న కోరిక ఈ మధ్య చాలామందిలో చూస్తున్నాను. ఆ కోరిక నాకు బాగా తెలుసు. మా ఇంట్లో అలాంటి బండి ఉంది. మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లు ఎక్కలేని మా అమ్మ ఆ బండిలోనే శ్రీకాళహస్తి చూసింది, రామేశ్వరం చూసింది. చింతచెట్టు నీడన ఆపి, ఇంటి బియ్యంతో వండుకుని తిని, కాసేపు నడుం వాల్చి మళ్ళీ బయల్దేరడంలో ఉన్న సుఖం ఏ హోటలు గదిలోనూ లేదు.

ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు డేరాలు, వంటసామాను, పరివారంతోనే కదిలారు. తిరుగు ప్రయాణంలో మన నెల్లూరు మీదుగానే 1831లో మద్రాసు చేరారు. మోటారు కాలానికి వస్తే, మనకందరికీ తెలిసిన ఇంటిబండి ఎన్టీఆర్ చైతన్యరథం. 1982లో పార్టీ పెట్టాక ఆయన ఓ పాత షెవర్లే వ్యానును ప్రచారానికి తగ్గట్టు మార్పించుకున్నారు. స్టీరింగు దగ్గర ఆయన కొడుకు హరికృష్ణ. నెలల తరబడి తిండి, నిద్ర, స్నానం అన్నీ ఆ బండిలోనో, దాని పక్కనో. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యేదాకా జరిగిన కథ అందరూ చెప్పుకుంటారు. అప్పటికే పాతదైన బండి అన్ని వేల కిలోమీటర్లు ఆ రోడ్ల మీద నిలబడటం కూడా నాకు చిన్న విషయంగా కనిపించదు.

పాత బండి నిలబడేది దేని మీద? ఇంజను మీద అనుకుంటాం. నా మాట వేరు. ముఖ్యంగా మన కోస్తాలో బండి ఆయుష్షు ఇంజనులో లేదు, కింది ఇనుములో ఉంది. పాత ట్రావెలర్లలో ఉన్నది బజాజ్ టెంపోవాళ్ళు మెర్సిడెస్ లైసెన్సుతో చేసిన డీజిల్ ఇంజను. ఆ బజాజ్ టెంపోయే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. ఆ ఇంజనును నెల్లూరు ఆటోనగర్‌లో విప్పి బిగించగలవాళ్ళు దొరుకుతారు. బోరు చేయిస్తారు, నాజిళ్ళు మారుస్తారు, పంపు కాలిబ్రేషన్ చేయిస్తారు. డబ్బు పోతుంది కానీ బండి దక్కుతుంది. ఛాసిస్ తుప్పు తినేస్తే మాత్రం డబ్బు పోసినా దక్కదు. నేను బండి చూపించే మేస్త్రీ ఒకటే అంటాడు: "అన్నా, ఇంజను యాడికి పోద్ది? నేనుండా గదా. ముందు కింద పడుకోని చూడు."

కాబట్టి ఓ గోనెపట్టా, టార్చిలైటు, స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి. బండిని ర్యాంపు ఎక్కిస్తే మరీ మంచిది. ఛాసిస్‌ను, దాని అడ్డపట్టీలను, కమానుకట్టలు బిగించిన చోట్లను స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. పుచ్చిన చోట శబ్దం చచ్చి, పొరలు పొరలుగా తుప్పు ముఖం మీద రాలుతుంది. బ్రేకు పైపుల్ని వేలితో తడమండి. గరుకుగా, ఉబ్బుగా తగిలితే అవి మార్చేదాకా ఆ బండి ఎక్కొద్దు. తలుపు దగ్గర మెట్టు, చక్రాల పైన గుమ్మటాలు, ముందద్దం రబ్బరు కింది అంచు, ఈ మూడు చోట్ల నీళ్ళు నిలుస్తాయి. తుప్పును లప్పంతో పూడ్చి పెయింటు కొట్టి ఉంటే కంటికి తెలియదు. అయస్కాంతం ఆనిస్తే తెలుస్తుంది, లప్పం మందంగా ఉన్నచోట అది అంటుకోదు. బండి అడుగంతా నల్లగా నిగనిగలాడుతూ కొత్త తారుపూత కనిపిస్తే సంతోషించకండి, అనుమానపడండి. తుప్పు మీద తారు పూస్తే లోపలి తడి బయటికి రాదు, తుప్పు ఇనుమును లోలోపలే తినేసుకుపోతుంది.

ఇంజనుకు చూడాల్సినవి కొన్నే. ఉదయాన్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచిన బండి నిజం చెప్పదు. నీలం పొగ వస్తే ఆయిలు మండుతోంది. నల్లపొగ ఆగకపోతే నాజిళ్ళో పంపో చూడాలి. వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే హెడ్డు గ్యాస్కెట్ మీద కన్నెయ్యాలి. టైర్లకు గీతలు లోతుగా ఉంటే సరిపోదు, పుట్టిన తేదీ చూడండి. పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఎక్కువగా నిలబడి ఉండే ఇంటిబండికి టైరు అరిగిపోకముందే ఎండకు పగుళ్ళిస్తుంది.

కొన్నాక అసలు పని మొదలవుతుంది. సముద్రం దాకా వెళ్ళొచ్చిన ప్రతిసారీ అడుగుభాగం కడగాలి. ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెబుతాను. మన తీరంలో చాలా బోర్లలో ఉప్పునీళ్ళే పడతాయి, రొయ్యల గుంటల పక్కనైతే మరీను. ఆ నీళ్ళతో వాటర్ సర్వీసింగ్ చేయిస్తే బండికి ఉప్పు పూసినట్టే. కాలువ నీళ్ళో, మంచినీళ్ళో వాడండి. రేడియేటర్లో అసలే ఆ బోరు నీళ్ళు పోయకండి, లోపల సుద్ద కట్టి దారులు పూడుకుపోతాయి. కూలెంటు కొని, శుద్ధి చేసిన నీళ్ళతో కలిపి పోయండి. తుప్పు కనపడ్డ చోట వైర్‌బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, రెడాక్సైడ్ కొట్టి, దానిమీద పెయింటు వేయండి. పాత ఇంజనాయిలు అడుగున పూయడం మనవాళ్ళ అలవాటు. రబ్బరు బుష్షులు మెత్తబడిపోతాయి, కారిన నూనె చేలోకీ కాలువలోకీ పోతుంది. ఆ పని మానుకోండి.

మన జిల్లాకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పైకప్పు కారుతోందో లేదో అప్పుడు తెలిస్తే ఆలస్యమైనట్టే. సెప్టెంబర్లోనే ఒకరు లోపల కూర్చుని, ఇంకొకరు పైపుతో కింది నుంచి పైకి కొంచెం కొంచెంగా తడుపుతూ రావాలి. ఫ్యాను కోసమో సోలారు పలకల కోసమో కొట్టిన రంధ్రాల దగ్గరే నీళ్ళు ఎక్కువగా దిగుతాయి. దిగేది ఒకచోట, కారేది ఇంకోచోట. మంచం కింది ప్లైవుడ్డు ఉబ్బిందంటే మూడడుగుల అవతల వెతకాల్సి రావచ్చు.

లోపలి సామాను సంగతి క్లుప్తంగా చెబుతాను. వంద లీటర్ల నీళ్ళంటే వంద కిలోలు. ట్యాంకును వెనక చివర కాక ఇరుసుకు దగ్గరగా, కింద పెట్టించండి. ఫ్యాన్లకు, లైట్లకు వేరే బ్యాటరీ ఉండాలి, స్టార్టింగు బ్యాటరీని ముట్టుకోకూడదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలమీద పేరుకుంటుంది. అందుకే సిలిండరు పక్కన నేల మట్టంలోనే బయటికి గాలిదారి ఉండాలి. కిటికీ తెరిచాం కదా అనుకుంటే చాలదు.

కాగితాల్లో ఉండే తుప్పు కంటికి కనపడదు. సీట్లు తీసేసి మంచం వేసిన బండి ఆర్సీలో ఇంకా ప్యాసింజర్ బండిగానే ఉంటే, యాక్సిడెంటు జరిగిన రోజున ఇన్సూరెన్సువాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద మార్పులకు అనుమతి కావాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. పసుపు ప్లేటు బండికి లెక్క వేరు. చలాన్లు, ఫైనాన్సు బాకీ, పక్క రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ, ఇవన్నీ తేలాకే డబ్బు చేతులు మారాలి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు ఆ రోజే తీసుకుని, నెల తిరక్కుండా పేరు మార్పించుకోండి.

ఇవన్నీ చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇలాంటి బండి ఉండటం వాళ్ళకు చేయగల మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం. అందుకే అది మధ్యదారిలో ఆగకూడదు. అమ్మేవాడు కింద పడుకుని చూడనివ్వకపోతే, ఎంత తక్కువకిచ్చినా ఆ బండి కొనకండి.